వీపు కింది మడత

ఉప్పల్ చౌరస్తాలో హన్మయ్యను డీసీఎం వ్యాను గుద్దింది. సైకిలు మీద నాచారం ఫ్యాక్టరీకి వాచ్‌మన్ డ్యూటీకి పోతున్నాడు. అరవై ఎనిమిదేళ్లు. ఒంట్లో కండ లేదు, అంతా వదులు తోలే.

తీసుకొచ్చిన చిన్న దవాఖానాలో ఎక్స్‌రే తీసేది విక్టోరియా. పడుకున్న మనిషి వీపు కింద ప్లేటు పెట్టాలంటే పైకెత్తాలి. ఎత్తబోతే ఆయన కేక పెట్టాడు.

"ఎత్తకు బిడ్డా, బొక్కలిరిగినయేమో! గట్లనే నూకు," అని ఏడ్చింది భార్య లక్ష్మీనర్సమ్మ.

"లొల్లి జెయ్యకే, పిల్ల బెదిరి బుగులువడ్తది," అని మూలిగాడు హన్మయ్య.

విక్టోరియాకు జాలేసింది. ఎత్తకుండానే ప్లేటు నెట్టింది.

ఫిల్ములో కుడివైపు నిలువుగా ఒక గీత. డాక్టర్ అచ్యుతరావు ఒక్క చూపు చూశాడు.

"ఇది ఊపిరితిత్తి అంచు. కుంగిపోయింది. పక్కటెముకల మధ్య గొట్టం వెయ్యాలి."

"సార్, గీత అవతల కూడా ఊపిరితిత్తి రక్తనాళాలు కనిపిస్తున్నయ్, కుంగలే. వీపు కింద తోలు మడతవడ్డట్టుంది. ఇంకోటి తీస్త, ఐదు నిమిషాలు."

"ఫొటోలు తీసేదానివి, తియ్యి. చదవడం నా పని."

ఐదు నిమిషాలకు హన్మయ్య ఎక్కడికీ పోడు. బీపీ బాగుంది, ఊపిరి బాగుంది, పెళ్లాన్ని కసురుతున్నాడు. అయినా డాక్టర్ ఆగలేదు. కుంగని ఊపిరితిత్తి పక్కటెముకలకు ఆనుకునే ఉంటుంది. గొట్టం నేరుగా అందులోకే దిగింది. గొట్టం నిండా నెత్తురు. పెద్దాసుపత్రికి తీసుకుపోతుంటే లాలాపేట్ దాటకముందే ప్రాణం పోయింది.

దినాలయ్యాక లక్ష్మీనర్సమ్మ కాగితాల కోసం వచ్చింది.

"అందర్ల నువ్వొక్కదానివే ఆయనను నొప్పియ్యలే బిడ్డా. సల్లగుండు."

నోరు మూసుకుంటే నౌకరీ ఉంటుంది, ఆ దీవెనా ఉంటుంది. విక్టోరియా ఫిల్మును కిటికీకి పెట్టింది.

"ఈ గీత సూడమ్మా. బొక్కలు దాటి సంకల కండలకు పోయింది. ఊపిరితిత్తి సంకలుంటదా? ఇది వీపు తోలు మడత. నేను ఎత్తకుండ నూకిన, వడ్డది. ఇంకోటి తీస్తనంటే డాక్టరు తియ్యనియ్యలే. మంచిగున్న ఊపిరితిత్తిల గొట్టం గుచ్చిండు."

ముసలామె ఆ గీత మీద వేలు పెట్టింది.

"ఎత్తకని నేనే గద అంటి."

"నువ్వు పెండ్లానివి, అంటవు. ఎత్తాల్సింది నేను."

"గీ మాట పోలీసుల ముందట చెప్తవా?"

"చెప్త."

లక్ష్మీనర్సమ్మ ఫిల్మును కొంగు కింద పెట్టుకుని మెట్ల దాకా పోయి ఆగింది.

"ఎత్తితే నొప్పికి జరసేపు ఒర్రుతుండె," అంది. "గంతే గద."