పదిహేడో వారం

నేను ఒక దబ్బనాన్ని. చీరాల పక్కన పేరాలలో, పానకాలరావు మాస్టారి ఇంట్లో, మూత వదులైన బిస్కెట్ల డబ్బాలో ఉంటాను. పుట్టుకతో మొదలుపెట్టడం మర్యాదే. కానీ మా ఇంట్లో ఏ సంగతి ఎత్తుకున్నా చివరికి పదిహేడో వారం పోయిన రోజు దగ్గరికే వస్తుంది కాబట్టి, అక్కడి నుంచే చెబుతాను.

పోయింది ఒక వారపత్రిక. అందులో ఉన్నది ఒక సీరియల్ నవల పదిహేడో భాగం. మాస్టారి భార్య సుభాషిణమ్మ పత్రిక రాగానే తను చదివి, పక్కింటి మస్తానమ్మకు ఇచ్చేది. ఆవిడ చదివి తిరిగి తెచ్చేది. సీరియల్ అయిపోయాక ఆ పేజీలన్నీ విడదీసి, వరసగా పేర్చి, నాతో కుట్టి పుస్తకం చేయడం సుభాషిణమ్మ అలవాటు. ఆ వారం మాత్రం ఒంట్లో బాగాలేక, చదవకుండానే మస్తానమ్మకు ఇచ్చేసింది. రెండు రోజుల తర్వాత మస్తానమ్మ ఉత్త చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వదినా, తిట్టవుగా?"

"ముందు సంగతి చెప్పు. తిట్టాలో వద్దో తర్వాత చూద్దాం."

"మా అల్లుడు గూడూరు పోతా పత్రిక పట్టుకుపోయాడు. రైల్లో మర్చిపోయాడంట."

"నువ్వన్నా చదివావా?"

"యాడ చదివాను? పిండి రుబ్బుకునే పనిలో పడ్డా. కొడుకైతే చెవి మెలేసేదాన్ని. అల్లుణ్ణి ఏమంటాం వదినా?"

"అల్లుడికి చెవులుండవా?" అంది సుభాషిణమ్మ. నవ్వింది గాని, ఆ సాయంత్రం కొట్లన్నీ తిరిగొచ్చింది. ఎక్కడా దొరకలేదు. పత్రిక ఆఫీసుకు కార్డు రాసింది. జవాబు రాలేదు.

ఇక నా పుట్టుక. నేను మొదట మాస్టారి గొడుగులో ఊచను. ఒక వానాకాలం ఆయన బడి నుంచి వస్తుంటే గాలికి గొడుగు తిరగబడి, ఊచలన్నీ వంగిపోయాయి. గొడుగులు బాగుచేసే మనిషి వీధిలోకి వచ్చినప్పుడు సుభాషిణమ్మ దాన్ని చూపించింది. ఇది మళ్లీ గొడుగు కాదమ్మా అన్నాడతను. అయితే ఒక్క ఊచ దబ్బనంగా చేసిపెట్టమంది. గుడ్డ కుట్టడానికి ఊచ కొసకు ఎలాగూ బెజ్జం ఉంటుంది. రెండో కొసను రాయి మీద సాగగొట్టి, అరగదీసి, మొన తేల్చాడు. అలా నేను మాస్టారి చేతి నుంచి ఆవిడ చేతికి వచ్చాను. అంతకుముందు నాకు తెలిసింది వాన ఒక్కటే. ఆ తర్వాత తెలిసినవన్నీ నవలలే.

నాకు చదవడం రాదు. నేను వెళ్లేది అక్షరాలు లేని అంచులోంచి. నవలల గురించి నాకు తెలిసిందంతా కుట్టేటప్పుడు ఆవిడ నోటి వెంట విన్నదే. పేజీలను నేలకు తట్టి అంచులు సరిచేసి, రాత్రంతా సన్నికల్లు కింద పెట్టి అణిచి, మధ్యాహ్నం పనులయ్యాక కూర్చునేది. నూలుదారానికి కొవ్వొత్తి రాసేది. నా తల మీద సుత్తితో కొడుతూ, ఒక్కో పోటుకు ఒక్కో మాట అనేది.

పరవాలేదనిపించిన నవలకు మూడు పోట్లు. నచ్చిన దానికి ఐదు. నచ్చనిదానికి కుట్టే లేదు, అది శెట్టిగారి కొట్టుకు పోయి మినప్పప్పు పొట్లమయ్యేది. ఏ నవల ఎలాంటిదో నా ఒంటికి తెలిసేది.

ఒక డిటెక్టివ్ నవలకు మూడే పడ్డాయి. "హంతకుడెవరో మూడోవారమే తెలిసిపోయింది. ఊళ్లో అందరి యోగక్షేమాలూ వాడొక్కడే అడుగుతున్నాడు. ఏ పనీ లేకుండా అంత మంచితనం ఎవడికుంటుంది?" అంది. చేతబడుల నవల ఒకటి పొట్లాలకు పోయింది. "శ్మశానం బాగా రాశాడు. మనుషులే కుదర్లేదు." చారిత్రక నవల మీద మాత్రం ఆవిడకు కోపం. "ఈ రాణి మొదటి వారం గుర్రం ఎక్కింది, ఇంతవరకూ దిగలేదు. ఎప్పుడు తింటుంది, ఎప్పుడు పడుకుంటుంది?" అయినా కోట ముట్టడి బాగుందని మూడు వేసింది. చంద్రుడి మీదికి వెళ్లే నవల చదివి, అక్కడ కూడా కాఫీ ఆడమనిషే కలిపిందని కుట్టడం మానేసింది. తర్వాత ఏమనుకుందో, ఆకాశం గురించి రాసిన నాలుగు పేజీలు మాత్రం చింపి దాచుకుంది. ప్రేమ నవలల్లో కోపిష్టి హీరోలను చూస్తే ఆవిడకు జాలి. "వీడికి కోపం తప్ప ఉద్యోగం లేదు, పాపం."

ఈ మాటలన్నీ ఆవిడ నాతో చెప్పాలనుకున్నవి కావు. వరండాలో జవాబుపత్రాలు దిద్దుకునే మాస్టారికి వినపడాలని కాస్త గట్టిగానే అనేది. ఆయన లెక్కల మాస్టారు. చెడ్డవారు కారు. "ఊఁ" అనేవారు. ఆ ఊఁకు నవల నచ్చిందనీ కాదు, నచ్చలేదనీ కాదు. వినపడిందని మాత్రమే. కొన్నిసార్లు అదీ కాదు.

ఒక రాత్రి భోజనాల దగ్గర ఆవిడ ఒక నవల ముగింపు చెబుతోంది. తల్లి ఒప్పుకుంటుందో లేదో అనే చోటుకు వచ్చింది. మాస్టారు కంచంలోంచి తలెత్తి, "పెరుగు ఉందా?" అన్నారు. ఆవిడ పెరుగు వేసింది. తల్లి ఒప్పుకుందో లేదో ఆ రాత్రి ఎవరికీ తెలియలేదు.

మర్నాడు ఆయన బడికి వెళ్లాక, ఆవిడ రేకుపెట్టె సర్దింది. నాలుగు చీరలు, రెండు ఐదుపోట్ల పుస్తకాలు, వాటి మధ్య నేను. పెట్టె మూసుకుంది. రిక్షా కదలడం తెలిసింది. బస్సుల హారన్లు వినపడ్డాయి. చాలాసేపు ఒకేచోట ఉన్నాం. ఆవిడ ఎవరితోనూ మాట్లాడిన చప్పుడు లేదు. తర్వాత మళ్లీ రిక్షా కదిలింది. పెట్టె తెరిచేసరికి మా ఇంట్లోనే, నా డబ్బా ఉండే గూటి ముందు ఉన్నాం. ఎందుకు బయల్దేరిందో కొంత ఊహించగలను. ఎందుకు తిరిగొచ్చిందో మాత్రం నాకు తెలియదు. నేను చీకట్లో ఉన్నాను.

చాలా ఏళ్ల తర్వాత మాస్టారు తనలో తాను అనుకుంటుంటే విన్నాను, ఆ మధ్యాహ్నం విరామంలో ఇంటికి వచ్చారట. తాళం చూశారు. తాళం తీసి, పెట్టె ఉండే చోట నేల మీద నాలుగు మూలల గుర్తులూ చూశారు. మళ్లీ తాళం వేసి బడికి వెళ్లారు. సాయంత్రం వచ్చేసరికి పెట్టె ఉంది, ఆవిడ ఉంది, వంకాయ కూర ఉంది. ఆయన అడగలేదు. ఆవిడ చెప్పలేదు.

పదిహేడో వారం పోయిన నవల ఆ తర్వాత రెండేళ్లకు వచ్చింది. ఉప్పుమడుల్లో పనిచేసే రాజ్యం అనే ఆవిడ కథ. పదహారో వారం చివర రాజ్యం ఇల్లు వదిలి, సంచీతో బస్టాండులో నిలబడి ఉంటుంది. పద్దెనిమిదో వారం మొదట్లో తిరిగి తన ఇంట్లోనే పొయ్యి ముందు కూర్చుని ఉంటుంది. ఎందుకు తిరిగొచ్చిందో నవలలో ఇంకెక్కడా లేదు. అది పదిహేడో వారంలోనే ఉండాలి.

సుభాషిణమ్మ దానికి ఐదు పోట్లు వేసింది. పోయిన వారం చోట తెల్లకాగితాలు పెట్టి కుట్టింది. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపి, క్యాలెండరు అట్ట అతికించింది. ఆ పుస్తకం వీధంతా తిరిగింది. చదివినవాళ్లంతా తెల్లకాగితాల దగ్గర ఆగి ఆవిడ దగ్గరికి పరిగెత్తుకొచ్చేవారు. ఆవిడ ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెప్పేది. చెల్లెలితో మాటల్లేని మస్తానమ్మకు, బస్టాండులో రాజ్యం చెల్లెలు ఎదురై చెయ్యి పట్టుకుందని చెప్పింది. టైలరు భార్య పుష్పలీలకు, రాజ్యం బస్సెక్కి సముద్రం చూసి తనంతట తనే వచ్చిందని, ఎవరూ పిలవలేదని చెప్పింది. మస్తానమ్మ ఆ నెలలోనే చెల్లెలి ఊరు వెళ్లొచ్చింది.

ఈ సందడంతా చూసి ఒకరోజు మాస్టారు పేపరు మడిచి, "అసలేం జరిగి ఉంటుందంటావు?" అన్నారు.

ఆవిడ సూటిగా ఆయన వైపు చూసింది. నేను ఆవిడ చేతిలోనే ఉన్నాను. చెయ్యి కదల్లేదు.

"మీరు చదువుకుంటూ అక్కడిదాకా రండి. మీకు చెప్పేది అప్పుడు చెబుతాను."

"సరే. రిటైరయ్యాక తీరిగ్గా చదువుతా."

"మంచిది. నేనెక్కడికీ పోను."

మనుషులు కథలో ఖాళీని ఒక్క వారం ఓర్చుకోలేరు. ఇంట్లో ఖాళీని మాత్రం పక్కగా తప్పుకుని ఏళ్ల తరబడి తిరుగుతారు.

మాస్టారు రిటైరయ్యారు. మొదట పింఛను పనులన్నారు, తర్వాత కంటి ఆపరేషనన్నారు. ఆవిడ తొందరపెట్టలేదు. కిందటి ఆషాఢంలో ఆవిడకు జ్వరం వచ్చింది, ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఈసారి రేకుపెట్టె తీసుకెళ్లలేదు. ఆవిడ తిరిగి రాలేదు.

వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక మాస్టారు అటక మీది పుస్తకాలు కిందికి దించారు. పొద్దున్నే స్నానం చేసి, బడికి వెళ్లేటప్పటిలా చొక్కా వేసుకుని చదవడానికి కూర్చునేవారు. మొదట్లో మౌనంగా చదివారు. ఒకరోజు హఠాత్తుగా, "నిజమే, ఈ రాణి అన్నం తినదు," అన్నారు. ఇంకోరోజు ఒక ఐదుపోట్ల నవల మూసి, "దీనికి మూడు చాలు," అన్నారు. కాసేపు వంటింటి వైపు చూశారు. ఒప్పుకోకపోయే మనిషి అక్కడ లేదు. ఎన్నేళ్లో ఆవిడ ఎదురుచూసిన సంభాషణ అది. వినడానికి నేనొక్కణ్ణే మిగిలాను. నేను ఊఁ కూడా అనలేను.

చివరికి ఉప్పుమడుల నవల తీశారు. పదహారో వారం దాకా చదివి, తెల్లకాగితాల దగ్గర ఆగారు. పుస్తకం పట్టుకునే మస్తానమ్మ ఇంటికి వెళ్లొచ్చారు. ఆ వెంటే మస్తానమ్మ కూడా వచ్చింది.

"నాకు చెప్పింది నా కోసం అన్నయ్యా. అది తీసుకుని మీరేం చేసుకుంటారు?"

"నా గురించి నీ దగ్గరెప్పుడైనా ఏమైనా అన్నదా?"

"అన్నది. చదివేవాడైతే బాగుండు, మంచి మనిషి అన్నది."

మాస్టారు తలూపారు. మస్తానమ్మ మజ్జిగ కలిపి పెట్టి వెళ్లిపోయింది.

ఈ సంగతి ఆవిడ అల్లుడు ఏడుకొండలుకు చేరింది. ఇప్పుడతనికీ తల నెరిసింది. ఎక్కడెక్కడ వెతికాడో, నెల తిరక్కుండా ఒక ఆదివారం ఉదయం ప్లాస్టిక్ సంచీలో ఒక పాత పత్రిక తెచ్చి మాస్టారి ముందు పెట్టాడు. అంచులు ఎలుక కొట్టినా లోపలి పేజీలు బాగానే ఉన్నాయి.

"మీ ఇంటి బాకీ మాస్టారూ. మా అత్త నన్ను ఇన్నేళ్లూ దీంతోనే సాధించింది."

"చదివావా?"

"లేదండి. చదివి మళ్లీ ఎక్కడ మర్చిపోతానో అని, దారంతా సంచీ విప్పలేదు."

మాస్టారు నవ్వారు. ఆవిడ పోయాక అదే మొదటిసారి. అతను వెళ్లాక ఆయన పత్రిక తెరవకుండా పక్కన పెట్టి, బిస్కెట్ల డబ్బా మూత తీశారు. చాలా ఇబ్బందిపడి నా బెజ్జంలోకి దారం ఎక్కించారు. కొవ్వొత్తి రాశారు. ఎలా చేయాలో ఆయనకు తెలుసు. చూడనట్టే ఉండి ఇన్నేళ్లూ చూశారన్నమాట. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, బ్లేడు తీసుకున్నారు.

కొత్త పేజీలు లోపల పెట్టాలంటే పాత కుట్టు విప్పాలి. తెల్లకాగితాలు తీసేయాలి. ఐదు పోట్లలో మొదటి ముడి మీద బ్లేడు ఆనించారు. ఆ ముడి ఆవిడ పంటితో బిగించి వేసింది. నిదానంగా ముడిని చూశారు, తెల్లకాగితాలు చూశారు, పక్కనున్న పత్రికను చూశారు. పత్రికలో ఉన్నది రచయిత చెప్పేది. ఆవిడ ఆయనకు చెబుతానన్నది అందులో లేదు.

బ్లేడు పక్కన పెట్టేశారు.

పత్రిక ఇప్పుడు నాతోపాటు ఈ డబ్బాలోనే, నాలుగు మడతలు పెట్టి ఉంది. నా బెజ్జంలో దారం అలాగే ఉంది. మాస్టారు పద్దెనిమిదో వారం చదవలేదు. పదిహేడో వారం ఇంకా కుట్టలేదు.