పేజీ వచ్చేలోపు

ఎక్స్‌రే గది వెనక మెట్ల మలుపులో సిగ్నలు ఒక్క గీతకు మించి రాదు. అందుకే అహరోను పరీక్షలన్నీ అక్కడే నిలబడి చేస్తాడు. ఎడమ చేతిలో అద్దం పగిలిన పాత ఫోను పట్టుకుని లింకు నొక్కి, కుడి మణికట్టుకున్న గడియారం వైపు చూశాడు. తెర తెల్లబడింది. ఆ తర్వాత ఆస్పత్రి ముఖద్వారం ఫోటో, గోడకు సున్నం కొట్టినట్టు, పైనుంచి కిందికి పట్టీలు పట్టీలుగా దిగింది. దాని మీద పెద్ద అక్షరాలతో బైబిలు వాక్యం. టోకెను పేజీ రావడానికి పదమూడు సెకన్లు పట్టింది.

సదుం పల్లెల్లో అయితే ఇరవై పడుతుందనుకుని చీటీ మీద రాసుకున్నాడు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. కళ్ళజోడు కాడకు నల్లదారం చుట్టి ఉంటుంది. మదనపల్లెలోని ఈ చిన్న మిషను ఆస్పత్రికి పద్దెనిమిదో ఏట నేల తుడవడానికి వచ్చాడు. తర్వాత ఇరవై ఏళ్ళు ఓపీ కిటికీ దగ్గర రేకు టోకెన్లు పంచాడు. కంప్యూటర్లు వచ్చినప్పుడు తోటివాళ్ళు భయపడి వార్డు పనికి మారిపోతే, తను మాత్రం అంగళ్లు ఊరి కాలేజీ పిల్లలు శనివారాల్లో ఉచితంగా చెప్పే పాఠాలకు వెళ్ళి, నలభై ఆరేళ్ళ వయసులో ముందు బెంచీలో కూర్చున్నాడు. మూడు వారాల కింద మొదలైన ఈ టోకెన్ల యాప్ కట్టింది అతనే. రాయవేలూరు నుంచి శుక్రవారం శుక్రవారం వచ్చే గుండె డాక్టరుకు నలభై టోకెన్లు. గురువారం రెండు గంటలకు ఫోన్లో తెరుచుకుంటాయి.

అయితే అప్పటినుంచి ఆ నలభైలో సదుం, వీకోట పల్లెలవాళ్ళు ఒక్కరూ లేరు. పేజీ తెరుస్తున్నారు, నిమిషం పాటు ఏమీ నొక్కడం లేదు, పేజీ మూసుకుపోతోంది. కంప్యూటర్లో అంతవరకే కనిపిస్తోంది. పల్లెవాళ్ళకు ఫోను చేతకాదని సూపరింటెండెంటు తేల్చేశారు. ఈవేళ గురువారం. ఈసారీ ఇట్లాగే అయితే యాప్ మూసేసి, పాత పద్ధతిలో తెల్లవారుజాము వరుసే పెడతామన్నారు. ఆ వరుస ఎట్లాంటిదో అహరోనుకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. టోకెను కోసం మనుషులు ముందురోజే వచ్చి వరండాలో పడుకునేవాళ్ళు. వాళ్ళను దాటుకుంటూ వచ్చి అతను కిటికీ తెరిచేవాడు.

తొమ్మిదిన్నరకు గంగులమ్మ వచ్చింది. సదుం దగ్గర రెండెకరాల మెట్టచేను ఆమెది. ఇరవై ఏళ్ళుగా ఈ ఆస్పత్రి తప్ప వేరేది ఎరగదు. మూడు వారాలుగా టోకెను దొరకలేదు, ఇప్పుడు మెట్టు ఎక్కితే ఆయాసం. మాటలు చెప్పొద్దని, ఫోను ఎట్లా తెరుస్తుందో తన ముందే చేసి చూపించమని అహరోను అడిగాడు.

ఆమె ముందు చెప్పులు విడిచింది. లింకు నొక్కింది. ఫోటో దిగి వాక్యం కనబడగానే ఫోనును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, తల వంచి, కళ్ళు మూసుకుంది.

అహరోను కదలకుండా నిలబడ్డాడు. పేజీ వచ్చింది, నిమిషం గడిచింది, మూసుకుంది. ఆమె కళ్ళు తెరవలేదు. చివరికి అతనే ఆమె భుజం తట్టాడు.

“ఆమెన్ అనేవాళ్ళు లేరు గదప్పా,” అంది గంగులమ్మ, నొచ్చుకున్నట్టుగా. “ఎప్పుడు కండ్లు తెరవాల్నో తెలీక అట్లే ఉంటాండా.”

రోజూ ఏడు గంటలకు ఓపీ హాల్లో ప్రార్థన జరుగుతుంది. హిందువులు, ముసల్మానులు, కిరస్తానీలు, ఎవరైనా సరే చెప్పులు విడిచి నిలబడతారు. సిస్టరు ఆమెన్ అనేదాకా ఒక్క కన్నూ తెరుచుకోదు. తెలిసి ఎవరూ పెట్టిన నియమం కాదు, అలవాటు. ఆ అలవాటున్న పాతవాళ్ళందరికీ టోకెను పోతోంది. అలవాటు లేని టౌనువాళ్ళు నొక్కేసుకుంటున్నారు. పదేళ్ళకు పైగా ఫోను తెరలు కడుతున్న తనకు ఇది తట్టలేదు. అతనికి సిగ్గేసింది, మరుక్షణమే నవ్వొచ్చింది.

వాక్యం తీసేస్తానంటే సూపరింటెండెంటు ముఖం ముడుచుకున్నారు. అహరోను గొంతు పెంచలేదు.

“వాక్యాన్ని వాకిట్లో అడ్డం పెట్టి మనుషుల్ని ఎనక్కి పంపిస్తాండాం సార్. టోకెను చేతికిచ్చి, ఆ తర్వాత సూపిద్దాం. అప్పుడు ఎంతసేపైనా కండ్లు మూసుకోనీ.”

చివరికి ఆయన కానీమన్నారు.

పదకొండుకు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఫోటో తీసేసి, వాక్యాన్ని టోకెను తర్వాతి పేజీలోకి జరిపాడు. లింకు నొక్కిన మరుక్షణమే పేరు గడి, ఊరు గడి, పెద్ద బొత్తాము గీతలుగా కనబడేట్టు చేశాడు. అసలు పేజీ వాటి వెనకే వచ్చి కూర్చుంటుంది. గీతల కింద ఒక్క మాట పెట్టాడు: ‘ఫోను చెడిపోలేదు. మీ టోకెను పేజీ వస్తాండాది. సూస్తా ఉండండి.’ పుస్తకాల భాషలో ఒకసారి రాసి, చెరిపేసి, మళ్ళీ ఇట్లా రాశాడు. మధ్యలో రెండుసార్లు ఎడమ భుజం పట్టేసింది. కుర్చీ వంకరనుకుని, లేచి చేయి విదిలించి, మళ్ళీ కూర్చున్నాడు. ఒంటిగంటన్నరకు మెట్ల మలుపులో నిలబడి నొక్కాడు. గీతలు ఒక్క సెకనుకు, పేజీ మూడుకు.

రెండు గంటలకు టోకెన్లు తెరుచుకున్నాయి. రెండూ పద్దెనిమిదికి నలభై అయిపోయాయి. అందులో పదిహేడు సదుం, వీకోట పక్కవే. వేపచెట్టు కింద బెంచీ మీదనుంచి గంగులమ్మ ఎవరి సాయమూ లేకుండా పదకొండో నంబరు తీసుకుంది. తీసుకున్నాక చెప్పులు విడిచి కళ్ళు మూసుకుంది.

ఓపీ నర్సు జెమీమా వచ్చి బల్లకు ఆనుకుని నిలబడింది. భుజం చూపించుకోమని ఆమె మూడు వారాలుగా పోరుతోంది.

“నీకొకటి తీసుకుంటివా అన్నా?”

“యాడివమ్మా, అయిపోయినాయి.” ఆ మాట అనేటప్పుడు అతని ముఖం వెలిగింది.

“రేపు పక్క తలుపులో రా. డాక్టరుకు నే సెప్తా.”

“వరస తప్పి వచ్చేటోళ్ళకు ఆ తలుపు కాడ ఇరవై ఏండ్లు అడ్డం నిలబడింది నేనే గదా. నేను దాంట్లో దూరితే బాగుంటాదా? వచ్చే వారం నేనూ ఫోన్లోనే తీసుకుంటా. మూడు సెకన్లే ఇప్పుడు.”

నాలుగున్నరకు బస్టాండులో కుప్పం బస్సు తలుపు అప్పటికే మనుషులతో మూసుకుపోయి ఉంది. పుంగనూరులో ఇల్లు. భార్య మణెమ్మ ఆరింటికి ఎసరు పెడుతుంది. అహరోను మొహం కడుక్కుని తుడుచుకున్న నీలిగళ్ళ తువ్వాలును మూడో కిటికీలోంచి సీటు మీదికి వేశాడు. తలుపు దగ్గర తోపులాట తగ్గాక ఎక్కుదామని సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు. వీపు స్తంభానికి ఆనించాడు. సంచి ఒళ్ళో పెట్టుకుని దాని మీద రెండు చేతులూ వేశాడు. పక్కనే బఠానీలమ్మే ఆమె, పాపం అలిసిపోయినట్టుందని కాస్త జరిగి చోటిచ్చింది.

డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. బఠానీలామె అతన్ని కదిపి చూసి, వేళ్ళు చల్లగా తగిలి, నలుగురినీ పిలిచేసరికి బస్సు ఊరు దాటిపోయింది.

తువ్వాలు ఎవరిదని కండక్టరు అడిగితే, ఎవరో పెద్దాయనది, వెనక గుంపులో ఇరుక్కోనుంటాడు, వస్తాడులే అన్నారు పక్కవాళ్ళు. ఆ సీటు పక్కన ముగ్గురు కమ్మీ పట్టుకుని పుంగనూరు దాకా నిలబడే వచ్చారు. కిటికీ గాలికి ఆరుతూ, సీటు మధ్యలో ఆ నీలిగళ్ళ తువ్వాలు.