ఏలుకొనుట

“మాట మారిందేంటమ్మా ఇక్కడ?” అన్నాడు ప్లీడరు, కాగితాన్ని కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుని. “‘భార్యను ఏలుకొనుటకు’ అని నేను రాసిస్తే ‘భార్యతో కలిసి బతుకుటకు’ అని కొట్టావు.”

కోర్టు గోడకి ఆనుకుని ఉన్న ఆ టైపు కొట్టులో ఆమె పదకొండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ గొడవలన్నీ టైపు కొడుతోంది. ఎవరి మాటా మార్చి ఎరగదు. ఇవాళ్టిది మాత్రం తన రాజీ కాగితమే. భర్త ఇంట్లోంచి పంపించేసి ఎనిమిది నెలలైంది. ఆరేళ్ళ కూతురు అక్కడే ఉండిపోయింది. ఈ కాగితం మీద సంతకాలు పడితే సాయంత్రానికి కూతురికి జడ వెయ్యొచ్చు.

“ఏలుకోడానికి నేనేమన్నా రాజ్యాన్నా అండీ?” అంది, నవ్వులాటకి అన్నట్టుగానే.

“రాజులు పోయారు, రాజ్యాలు పోయాయి. ఆ మాటకి పోయే చోటు లేక ఇళ్ళల్లో దూరిందమ్మా. మా తాతగారు రాసిన కాగితాల్లోనూ ఇదే మాట,” అని ప్లీడరు తన హాస్యానికి తనే నవ్వాడు.

బల్ల పక్కన నిలబడ్డ అన్నయ్య నవ్వలేదు. “ఒక్క మాట కోసం మంకుపట్టేంటే? బావ బయట కూర్చున్నాడు. మీ వదినకి నేను సమాధానం చెప్పలేకపోతున్నాను.”

ఆమె ప్రింటరులో కొత్త కాగితం సర్దింది. పెళ్ళప్పుడు ఈ అన్నయ్యే “పిల్లనిచ్చాం” అన్నాడు. “తెచ్చుకున్నాం” అంది అత్తగారు. తెల్లారకముందే లేచి అందరికీ వండిపెట్టి, కొట్టుకొచ్చి వేళ్ళు తిమ్మిరెక్కేదాకా కొట్టి, ఇంటికెళ్ళి గిన్నెలు తోముతూంటే, ఆ తడి చేతుల ముందే “కూర్చోబెట్టి మేపుతున్నాం” అన్నారు అత్తింటివాళ్ళు. “ఎవరు ఎవర్ని మేపుతున్నారు?” అని ఒక్కసారి, ఒకే ఒక్కసారి అడిగింది. “పంపించేశాను” అని నలుగురిలో చెప్పుకున్నాడు భర్త. “మా మీద పడింది” అని పక్కింటావిడతో వాపోయింది వదిన. ఇవ్వడం, తెచ్చుకోవడం, మేపడం, పంపించెయ్యడం. ఇన్నిట్లో తను చేసిన పని ఒక్కటీ లేదు, అన్నీ తనని చేసినవే. పడటం ఒక్కటే తను చేసింది.

మాటలు బయటికి వినపడ్డట్టున్నాయి, భర్త లోపలికొచ్చాడు. “ఇంకా తెమల్లేదా? ఆ మాట లేకపోతే నేను సంతకం పెట్టేది లేదు. పాప బడి నుంచి వచ్చే వేళైంది, పోతాను.”

పాప అనేసరికి ఆమె వేళ్ళు వాటంతటవే కదిలాయి. కొట్టింది చెరిపి, “భార్యను ఏలుకొనుటకు సమ్మతించడమైనది” అని కొట్టింది. ప్రింటరు కాగితం కక్కింది.

భర్త నిలబడే, వరసల వెంట వేలు జరుపుకుంటూ చివరిదాకా చదివాడు. సంతకం గీకి అన్నయ్య వైపు తిరిగాడు.

“ఏ మాటకా మాటే చెప్పుకోవాలి బావా. ఒక్క అక్షరం తప్పు పోలేదు. మీ చెల్లెలికి పనొచ్చు.”

తొమ్మిదేళ్ళ కాపురంలో, ఆమె చేసినదాన్ని అతను పని అనడం అదే మొదటిసారి.