సూసన్ టీచర్ ఎడమ చెంప

మన జనానికి ఎదుటి మనిషి మొహం మీద మచ్చ కనిపిస్తే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు అడగకపోతే తిన్నది అరగదు. నందిగామ బజారులో కూరగాయల బండి దగ్గరైనా సరే, జగ్గయ్యపేట బస్సులోనైనా సరే, ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా "అయ్యో, చెంపకి ఏమైందమ్మా?" అని అడిగేసేవాళ్ళు. సూసన్ టీచర్ "యాక్సిడెంటండి" అని ఊరుకునేది. అక్కడితో ఆపుతారా? "ఎక్కడ? ఎప్పుడు? బండి మీదేనా? ఇంకెవరికైనా దెబ్బలు తగిలినయ్యా?" ఆ ఆఖరి ప్రశ్న దాకా వస్తే తన స్టాపు రాకపోయినా దిగిపోయేది.

రెండేళ్ళ కిందట వీరులపాడులో అక్క ఇంటికి వెళ్ళి తిరిగి వస్తున్నారు. భర్త రత్నబాబు బండి తోలుతున్నాడు. మధ్యలో ఏడేళ్ళ జాయిస్ నాన్న వీపుకి తల ఆనించి నిద్రపోతోంది, వెనక సూసన్. పొద్దు గూకింది. రోడ్డు సగం దాకా మొక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. కోతల రోజుల్లో ఆ దారుల్లో ఎక్కడ చూసినా అంతే, రోడ్డు వేసింది కళ్ళం కోసమే అన్నట్టుంటుంది. చక్రం ఆ గింజల మీద జారింది. ఆ తరవాత సంగతి వివరంగా చెప్పే ఓపిక నాకు లేదు, వినే ఓపిక మీకూ ఉండదు. జాయిస్ ఆస్పత్రికి చేరకముందే పోయింది. సూసన్ ఎడమ చెంప తారుకి గీరుకుపోయింది. డాక్టర్లు ఆ గాయంలోంచి మొక్కజొన్న గింజలు ఏరి తీశారు. రత్నబాబుకి మోచెయ్యి దోక్కుపోయింది, అంతే.

గాయం మానింది. చెంప ఎముక దగ్గర నుంచి దవడ దాకా గుంటలూ గడ్డలుగా, నల్లగా మచ్చ మిగిలింది. మచ్చతో ఆవిడకి పేచీ లేదు. కూతురు పోయాక అద్దంలో మొహం ఎలా ఉంటే ఏమిటి అనుకుంది. పేచీ ఎక్కడొచ్చిందంటే, రత్నబాబు ఆవిడ మొహం చూడటం మానేశాడు.

అతను చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. చందర్లపాడు హైస్కూల్లో లెక్కల మాస్టారు. తాగడు, తిట్టడు, జీతం తెచ్చి ఇంట్లో ఇస్తాడు. ఆ రోజు నుంచి బండి ముట్టుకోలేదు, ఆటోలోనే స్కూలుకి పోతాడు. సూసన్‌కి జ్వరమొస్తే గంజి కాచి పెడతాడు కూడా. కానీ ఆ గంజి గిన్నె ఆవిడ చేతికి ఇస్తూ కిటికీ వంక చూస్తాడు. "మాత్ర వేసుకో" అని క్యాలెండరుతో చెబుతాడు. "బియ్యం నిండుకున్నయ్" అని ఆవిడంటే, "సాయంత్రం తెస్తాలే" అని చొక్కా గుండీకి జవాబిస్తాడు. ఒక ఇంట్లో, ఒక కప్పు కింద, రెండేళ్ళు! కట్టుకున్నవాడి కళ్ళు ఒక్కసారైనా మొహం మీద పడకపోతే ఆ ఆడమనిషి బతుకెలా ఉంటుందో ఆలోచించండి. బిడ్డ పోయిన దుఃఖం ఒకెత్తు. ఆ దుఃఖాన్ని పంచుకోవాల్సిన మనిషి ఎదురుగా కూర్చుని కూడా లేకుండా పోవటం ఇంకో ఎత్తు.

ఎందుకిలా అని సూసన్ బుర్ర బద్దలు కొట్టుకుంది. అప్పుడే చర్చిలో పెద్దావిడ బేబమ్మగారు ఆ చెంపని తేరిపార చూసి, "నాకే గుండె తరుక్కుపోతా ఉంది తల్లీ, పాపం అబ్బాయి రోజూ ఎట్టా చూస్తాడే ఈ మొహాన్ని? చూసినప్పుడల్లా బిడ్డ గుర్తుకు రాదూ?" అంది. మంచి మనసుతోనే అంది. ఇలాంటివన్నీ మంచి మనసుతోనే అంటారు, అదే మన ఖర్మ. ఆ మాట సూసన్ మనసులో నాటుకుపోయింది. ఓహో, మచ్చ వల్లా! మచ్చ పోతే ఆయన మళ్ళీ చూస్తాడు. చూస్తే మాట్లాడతాడు. మాట్లాడితే ఇద్దరూ కలిసి ఒక్కసారైనా ఏడవచ్చు. ఆవిడకి కావలసింది ఆ ఒక్కటే.

నందిగామలో అయితే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని జగ్గయ్యపేట వెళ్ళింది. అక్కడ నిషాత్ అని చర్మం డాక్టరు, ఆ ఊరిపిల్లే, కొత్తగా క్లినిక్కు పెట్టింది. లేజరుతో మచ్చలు తగ్గిస్తుందని విని వెళ్ళింది సూసన్. నిషాత్ కుర్చీ దగ్గరికి జరుపుకుని, వేళ్ళతో చెంపంతా నెమ్మదిగా తడిమి చూసింది. ఆస్పత్రి కట్లు విప్పాక ఆ చెంపని ఇంకో మనిషి చెయ్యి తాకటం అదే మొదలు.

"పూర్తిగా పోద్దని నేను చెప్పను టీచర్‌గారూ. ఎత్తుపల్లాలు తగ్గుతయ్, రంగు కలిసిపోద్ది. నెలకోసారి చొప్పున కొన్నిసార్లు రావాల. ఎండ మాత్రం తగలనీయకూడదు, మన చర్మం ఊరికే నల్లబడుద్ది" అంది నిషాత్.

"మచ్చ ఉన్నట్టే తెలియకుండా అవుద్దాండీ?"

"బాగా దగ్గరికొచ్చి చూస్తే తెలుస్తది."

"దూరం నుంచి తెలియకపోతే చాలండి" అంది సూసన్. డాక్టరు ఆవిడ వంక ఒక క్షణం అలాగే చూసి, ఇంకేమీ అడగలేదు. చదువుకున్న పిల్ల కదా, ఎక్కడ ఆగాలో తెలుసు.

చెంపకి మొద్దుబారే క్రీము పూసి చాలాసేపు కూర్చోబెట్టారు. కళ్ళ మీద గట్టి మూతలు పెట్టారు. లేజరు కాంతి చర్మం మీద సన్నని చుక్కలు చుక్కలుగా కాలుస్తుందట, ఆ చుక్కల మధ్య నుంచి కొత్త చర్మం పుట్టుకొస్తుందట. క్రీము పూసినా వేడి సూదులు గుచ్చినట్టే ఉంది. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. ఆ మూతల కింద సూసన్ కళ్ళు ధారగా కారాయి. "నొప్పిగా ఉందా? ఆపమంటారా?" అంది నిషాత్. "లేదండి, కానివ్వండి" అంది. నొప్పికి కాదు ఆవిడ ఏడ్చింది. జాయిస్ తనతో ఉన్న ఆఖరి రోజు ఆ చెంప మీదే మిగిలి ఉంది, దాన్నిప్పుడు చేజేతులా చెరిపేయిస్తోంది. 'అమ్మని తిట్టుకోకు తల్లీ, మీ నాన్న కోసం' అనుకుంది లోపల్లోపల.

ఇంటికొచ్చేసరికి సగం మొహం ఎర్రగా ఉడికిపోయినట్టుంది. కన్ను కింద వాచింది. అడిగితే ఏం చెప్పాలా అని దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. రాత్రి అన్నం పెట్టి రత్నబాబు ఎదురుగానే కూర్చుంది. అతను పళ్ళెం వంక చూస్తూ తిన్నాడు. "చారు కాస్త వెయ్యి" అన్నాడు పళ్ళెంతో. వేసింది. తినేసి, లేచి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. అయ్యో దేవుడా! కాలిపోయినట్టున్న మొహం పెట్టుకుని మూరెడు దూరంలో కూర్చుంటే, ఆ మనిషికి తెలియనే లేదు.

తెల్లారి గోడవతల నుంచి మౌలాబీ చూసింది. పక్కింటావిడ, మిషను కుడుతుంది, సూది బెజ్జం కనపడదని గోల పెడుతుంది గానీ పక్కవాళ్ళ మొహాల మీద చీమ పాకినా కనిపెడుతుంది. "ఏందే అమ్మాయ్, మొహం అట్టా కందిపోయింది? పొయ్యి మీద పడ్డావా ఏంది?" అని కేకేసింది. సూసన్ గోడ దగ్గరికి వెళ్ళి చెప్పింది. చెప్పకుండా మౌలాబీ నుంచి ఎవరూ తప్పించుకోలేరు.

"మొగుడికి చెప్పావా?"

"చూసినప్పుడు తెలుసుద్దిలే పిన్నీ."

"చూస్తాడా?"

సూసన్ కొంగు చెంప మీదికి లాక్కుంది. మౌలాబీకి నోరెక్కువే గానీ గుండె మెత్తన. "పోనీలే, నీ మొహం నీకు బాగుండాలగా. ఎండలోకి పోమాకు, కూరగాయలు నే తెచ్చిపెడతా" అని, తన నల్లగొడుగు కూడా గోడ మీదుగా అందించింది.

చెంప మీద ఇసుక కాగితంలా గరుకుగా పొట్టు కట్టి, వారంలో రాలిపోయింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ కాల్పించుకుంది. స్కూల్లో పిల్లలు "టీచర్, మీకు అమ్మవారు పోసిందా?" అని అడిగారు. చర్చిలో ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్నారు. ఊరంతటికీ తెలిసింది, ఒక్క రత్నబాబుకి తప్ప. ఆఖరికి చలికాలం వెళ్ళేసరికి గుంటలు పూడాయి, గడ్డలు అణిగాయి, నలుపు తగ్గింది. నిషాత్ అద్దం చేతికిచ్చి, "ఇంక చాలు టీచర్‌గారూ, ఇంతకంటే ఆశపడకూడదు" అని నవ్వింది. అద్దంలో సూసన్‌కి దాదాపు పాత మొహమే కనిపించింది. జాయిస్ ముద్దులు పెట్టిన చెంప. బస్సులో నందిగామ దాకా కొంగు సర్దుకుంటూనే ఉంది, పెళ్ళిచూపులకి కూర్చున్న పిల్లకి మల్లే.

ఆదివారం ఆరాధన అయ్యి ఇంటికొచ్చారు. రత్నబాబు మర్నాటికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. తలుపులోంచి ఎండ ధారాళంగా పడుతోంది. సూసన్ వెళ్ళి ఆ వెలుగులో నిలబడింది.

"ఏవండీ, ఒక్కసారి ఇటు చూడండి."

"ఊఁ, చెప్పు" అన్నాడు చొక్కాతో.

"చెప్పేది కాదు. చూడండి." చెయ్యి చాపి ఇస్త్రీపెట్టె స్విచ్ కట్టేసింది. "మీకు దణ్ణం పెడతా. ఒక్కసారి."

రత్నబాబు నెమ్మదిగా తలెత్తాడు. చూశాడు. మొదట అర్థంకాలేదు, తరవాత అర్థమైంది. అతని చెయ్యి తనకు తెలియకుండానే తన చెంప మీదికి వెళ్ళింది.

"ఎప్పుడు చేయించావు?"

"ఆర్నెల్లబట్టీ చేయిస్తున్నా. మీరెప్పుడు చూశారు గనక."

"ఎందుకు సూసన్?"

"ఎందుకేమిటండీ! మీరు నా మొహం చూస్తారని. ఈ మచ్చ చూడలేకే కదా..."

రత్నబాబు అడ్డంగా తలూపాడు. "మచ్చని కాదు. మచ్చయితే రోజుకి వందసార్లు చూద్దును. నేను చేసిన దానికి అది నా కళ్ళ ముందుండాల్సిందే." సగం చేసిన చొక్కా పక్కకి నెట్టాడు. "నీ కళ్ళలోకి చూడలేక. ఆ ఆదరణ కూడికలో నువ్వు సాక్ష్యం చెప్పావు చూడు, అప్పట్నించీ."

ఆదరణ కూడిక అంటే మనిషిని మట్టి చేశాక ఇంటివాళ్ళని ఓదార్చటానికి సంఘం పెట్టే ప్రార్థన. వాకిట్లో షామియానా వేశారు, ఊరూరి నుంచీ చుట్టాలొచ్చారు. పాటలయ్యాక పాస్టరుగారు మైకు తెచ్చి, చెంపకి కట్టుతో కూర్చున్న సూసన్ చేతికిచ్చారు. విశ్వాసం గల తల్లి సాక్ష్యం చెబితే అందరూ బలపడతారని. బిడ్డని పూడ్చి ఇంకా కళ్ళు ఆరలేదు, చేతిలో మైకు! ఏం చెప్పాలో ఆవిడకి తెలుసు, చిన్నప్పటి నుంచీ అందరూ చెప్పగా విన్నదే. "ఇది ప్రభువు చిత్తం. నా భర్త మీద నాకు ఏ కోపమూ లేదు. నేను హృదయపూర్వకంగా క్షమించాను" అని చెప్పింది. షామియానా అంతా "స్తోత్రం" అని మారుమోగింది. బేబమ్మగారు కావలించుకుని ముద్దు పెట్టుకుంది. ఎంత గొప్ప తల్లి అని ఊరు ఊరంతా మెచ్చుకుంది.

"ఆ మాట అంటా నా వంక చూశావు" అన్నాడు రత్నబాబు. "నీ నోరు ఒకటంటా ఉంది, నీ కళ్ళు ఇంకోటంటా ఉన్నయ్. ఇంటోకొచ్చాక తిడతావనుకున్నా. కొడతావనుకున్నా. రోజూ ఎదురుచూశా. నువ్వు తిట్టలా. అన్నం పెట్టావు, బట్టలుతికావు. క్షమించానని మైకులో చెప్పినదానివి, ఇంకేం తిడతావు? నేనేమని అడగను? నాకు మొహం చెల్లలేదు సూసన్."

సూసన్ ఒక్క అడుగు ముందుకేసింది.

"మెల్లగా పొమ్మన్నానా లేదా?" అంది. అది తన గొంతేనా అని ఆవిడకే అనుమానమొచ్చింది. "పిల్ల నిద్రపోతా ఉంది, చీకటి పడుతోంది, మెల్లగా పొమ్మని నీ భుజం మీద కొట్టానా లేదా? ఏంకాదులే అన్నావు! క్రికెట్టు మొదలవుద్దని తోలావు! ఆ దిక్కుమాలిన ఆట కోసం నా బిడ్డని చంపేశావు నువ్వు! నా బంగారుతల్లిని రోడ్డున పారేశావు!"

చేతికందిన చోటల్లా కొట్టింది. రొమ్ము మీద, భుజాల మీద. రత్నబాబు అడ్డుపెట్టుకోలేదు, వెనక్కి జరగలేదు. గోడవతల మౌలాబీ మిషను టక్కున ఆగిపోయింది. కొట్టి కొట్టి చేతులు సోలిపోయాక సూసన్ గడప మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. అతనూ ఎదురుగా నేల మీద కూర్చుని ఏడ్చాడు. ఇద్దరూ కలిసి ఏడవటం రెండేళ్ళలో అదే మొదలు.

ఏడుపులు సద్దుమణిగాక రత్నబాబు కళ్ళు తుడుచుకున్నాడు. సూసన్ మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్ళలోకి సూటిగా చూశాడు. ఇన్నాళ్ళూ ఆవిడ ఏ చూపు కోసం చెంప కాల్పించుకుందో, అదే చూపు.

"మెల్లగా పొమ్మన్నావు. నేనే వినలా. నా బిడ్డని నేనే చంపుకున్నా" అన్నాడు. "ఇప్పుడు చెప్పు సూసన్. ఎవరూ లేరు, మైకు లేదు. నన్ను క్షమిస్తావా?"

సూసన్ నోరు తెరిచింది. అంతమంది ముందు అంత తేలిగ్గా వచ్చిన మాట. చెబితే ఈ మనిషి బతుకుతాడని తెలుసు, చెప్పాలనే ఉంది, ప్రాణమంతా కూడగట్టుకుని ప్రయత్నించింది. మాట రాలేదు. రత్నబాబు కళ్ళు పక్కకి తిప్పలేదు, అలాగే చూస్తూ కూర్చున్నాడు. సూసనే ఆ చేతులు విడిపించుకుని, గోడవైపు మొహం తిప్పుకుంది.