అలమార తలుపు మీది అక్క

ఊళ్లో మ్యూజియం పెడదామనుకున్నప్పుడు పెట్టడానికి బొమ్మలే లేవు. మూతబడిన కుట్టుపని బడిలో రెండు గదులు కడిగి, ఇంటికొక బొమ్మ ఇమ్మని గడపగడపా తిరిగారు. ఇప్పుడు అక్కడ కాపలా ఉంటున్న ఆమె వాళ్ల నాన్న ఒక అలమార తలుపు ఊడదీసి ఇచ్చాడు. దాగుడుమూతల్లో ఆ అలమారలో దాక్కుని, గడియపడి ఊపిరాడక పోయిన పెద్దకూతురి బొమ్మను, బోర్డులు రాసే పెయింటరు చేత దాని మీదే వేయించాడు. తీరా ఇంట్లో ఉంచుకోలేకపోయాడు, పారెయ్యనూ లేకపోయాడు.

ఫ్రేములు కట్టే ముసలాయనకు తలుపంటే తలుపే. మేకు కొట్టకుండా, తెరిచి మూసేలా దాని బందులతోనే గోడకు బిగించాడు.

నలభై ఏళ్లలో రెండు గదులు పన్నెండయ్యాయి. ఆమె మొదటి గదికి కాపలాగా చేరి, అక్కడే జుట్టు నెరిసింది. రోజూ పొద్దున తాళం తీసేసరికి బొమ్మ గోడ నుంచి జానెడు తెరుచుకుని ఉండేది. వెనక ఉత్త గోడే. గోడ వాలని కొందరు, గాలని కొందరు అనేవారు. ఆమె మాత్రం జనం వచ్చే వేళకు దగ్గరగా వేసేదే గానీ, ఏనాడూ పూర్తిగా మూయలేదు.

కొత్త భవనం లేచి, బొమ్మలన్నీ అందులోకి మారాయి. బందులు తీసేసి, తలుపును నాలుగు మూలలా గోడకు బిగించమని మ్యూజియం చూసుకునే మేడం చెప్పింది. వడ్రంగి మూడు స్క్రూలు బిగించి నవ్వాడు.

"మీ పాప షికార్లు ఇవాళ్టితో సరి పిన్నీ."

తలుపు వెనక నుంచి రెండుసార్లు తట్టిన చప్పుడైంది. వడ్రంగి తన చేతుల వంక చూసుకున్నాడు. స్క్రూడ్రైవరు కిందే ఉంది.

"విప్పెయ్ నాయనా," అందామె. "అది మా అక్క. ఆ రోజు కూడా ఇలాగే రెండుసార్లు తట్టింది. నాకు వినపడింది. కాసేపు ఏడిపిద్దామని ఊరుకున్నా. తర్వాత ఆటలో పడి మర్చిపోయా."

నాన్న ఉన్నన్నాళ్లూ, పోయాక కూడా, ఆ మాట ఇంతవరకూ ఆమె నోట రాలేదు.

గుమ్మంలో మేడం ఎప్పుడొచ్చిందో, అంతా విన్నట్టే ఉంది. పాత బందులు ఎక్కడ పడేశావని మాత్రం అడిగింది. వడ్రంగి చెత్తలోంచి ఏరి తెచ్చి మళ్లీ బిగించాడు. ఇన్నేళ్లూ బొమ్మ కింద 'ఎవరో పాప' అని ఉన్న చీటీ తీసేసి, ఆమె చెప్పిన పేరు మేడమే రాసింది.

మర్నాడు పొద్దున వచ్చేసరికి తలుపు మూసే ఉంది. ఆమె దగ్గరికెళ్లి రెండుసార్లు తట్టింది. లోపల ఉలుకూ పలుకూ లేదు.

మెల్లగా జానెడు తెరిచింది.

"ఇదిగో, దొరికిపోయావక్కా," అంది.