గమనికకు కచ్చాకుట్టు

అక్క ఫోన్ మోగుతున్నా ఎత్తకుండా నేను ఒకాయనకు కసిగా జవాబు రాస్తున్నాను. కంప్యూటర్లోని ఫైళ్లకు రోజూ నకలు తీసి వేరే డిస్కులో దాచే చిన్న సాఫ్ట్‌వేర్ నాది. తొమ్మిదేళ్లుగా ఒక్కదాన్నే దాన్ని ఈడ్చుకొస్తున్నాను. ఎక్కించాక ఒక్కసారి నకళ్లు ఎక్కడ దాచాలో దానికి చెప్పాలి. చెప్పకపోతే అది పని చేయదు. ఆ సంగతి ఎక్కించేటప్పుడు తెర మీద వచ్చే గమనికలో రాశాను కూడా. అయినా నెలకొకరు గోల. "మీ గమనిక ఎవరికీ కనబడదు, దయచేసి చివర్లో పెట్టండి" అని ఈయన రాశాడు. ఎంతమందికని చెప్పను? విసుగొచ్చింది. "కళ్లున్నవాళ్లకు కనబడుతుంది" అని రాసి ఆ అభ్యర్థన మూసిపారేశాను.

అప్పుడు ఫోనెత్తాను.

"ఏమే, నా కంప్యూటర్ లేవట్లేదు," అంది అక్క.

అక్క దర్జీ. నడుము వంగినవాళ్లకు, ఒక భుజం జారినవాళ్లకు, అంగట్లో కొన్న బట్టలు పట్టనివాళ్లకు కుడుతుంది. ఒక్కొక్కరిని ఐదారుసార్లు నిలబెట్టి సరిచేసుకున్న నమూనాలు రెండు వందల పైచిలుకు ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి.

"కంగారు పడకు. నకళ్లుంటాయిగా, నేనే కదా ఎక్కించింది," అన్నాను.

వెళ్లి చూస్తే కంప్యూటర్లోని డిస్కు చచ్చిపోయింది. నకళ్ల డిస్కు తగిలించాను. కొన్ననాడు ఎలా ఉందో అలాగే, ఖాళీగా ఉంది.

నా తప్పని ఒప్పుకోబుద్ధి కాలేదు. నా ల్యాప్‌టాప్ తీసి, సాఫ్ట్‌వేర్లు దింపి ఎక్కించే ప్యాకేజీ మేనేజర్‌కు అప్పుడు అక్క కంప్యూటర్లో ఇచ్చిన ఆదేశమే మళ్లీ ఇచ్చాను. అది నా సాఫ్ట్‌వేర్‌తోపాటు దానికి కావలసిన మరో ముప్పై ప్యాకేజీలనూ దింపుతుంది. ప్రతిదీ తన గురించి ఏదో ఒకటి వాగుతుంది. తెర నిండా అక్షరాలు పరుగెత్తాయి.

"ఆగాగు, అక్కడేదో పోయింది," అంది అక్క భుజం మీదుగా చూస్తూ.

వెనక్కి జరిపాను. అక్క కళ్లజోడు సవరించుకుని చదివింది. "ముఖ్య గమనిక. ఎక్కడ దాచాలో చెప్పేవరకు నకళ్లు తీయబడవు. ఎవరు రాశారే ఇది?"

"నేనే."

"మరి చదవలేదా?"

"ఆరోజు నీ కంప్యూటర్లో చివర్న 'అంతా సిద్ధం' అని పచ్చగా వచ్చిందక్కా. అది చూసి లేచొచ్చేశా."

"అది రాసిందెవరు?"

"అదీ నేనే."

నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. స్టూలు మీద కూలబడింది. "ఆ నడుము వంగిన మాస్టారి కోటుకు ఏడాది పట్టిందే, వీపు దగ్గర గుడ్డ లేవకుండా కూర్చోడానికి," అంది. నాకు ఏడుపొచ్చింది.

ఎటు చూడాలో తెలియక కొక్కేనికి వేలాడుతున్న ఇంకెవరిదో కోటును చూశాను. రెండు చేతుల చివర్లూ తెల్లదారంతో మూసి కుట్టేసి ఉన్నాయి.

"ఇదేంటి?"

"కచ్చాకుట్టు, తర్వాత తెంపేసే వదులు కుట్టు. కదల్లేనివాళ్లకు కోటు ముందే ఇంటికి పంపిస్తా, తర్వాత నేనెళ్లి సరిచేస్తా. లోపల గుండుసూదులుంటాయి. నేనొచ్చేదాకా వేసుకోవద్దని సంచిలో చీటీ పెట్టేదాన్ని. ఎవడు చదివాడు? ఒకావిడకు బాగా గుచ్చుకుంది. అప్పట్నుంచి చేతులే కుట్టేస్తున్నా. చెయ్యి దూరక నాకే ఫోన్ చేస్తారు."

"తిట్టరా?"

"ఎందుకు తిట్టరూ? గుచ్చుకోదుగా."

అక్కడే కూర్చుని నా సాఫ్ట్‌వేర్ విప్పాను. ఆ పచ్చ వాక్యం అక్కణ్నుంచి పీకేశాను. మొదటి నకలు పడేదాకా 'అంతా సిద్ధం' అనదిక. ఎక్కడ దాచాలో చెప్పేదాకా రోజూ తెరకు అడ్డంగా వచ్చి అడుగుతుంది. తర్వాత పొద్దున మూసిన అభ్యర్థన తెరిచి, "మీరు చెప్పింది నిజం. నేనే చదవలేదు" అని రాశాను. కానీ ఆ రెండు వందల నమూనాలూ తిరిగి రావు.

మూడోరోజు మాస్టారు వచ్చారు. బల్ల పట్టుకుని నిలబడ్డారు. ఆయనకు నిలబడటమే గండం.

"మళ్లీ కొలతలెందుకమ్మా? నీ దగ్గరున్నాయిగా?"

"ఉండేవండీ," అంది అక్క. నా వైపు చూడలేదు.

నా ఫోన్‌లో ఎవరో కొత్తాయన మండిపడుతున్నాడు. నా సాఫ్ట్‌వేర్ ఎక్కడ దాచాలో చెప్పేదాకా వదలదట, పరమ చిరాకట. ఫోన్ బోర్లించి నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకున్నాను.

"ఎడమ భుజం ఐదుంబావు. రాశావా?" అంది అక్క.

"రాశా."

"ఏం రాశావో చదువు."

చదివాను.