ఆరింటికి వచ్చే అమ్మ

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటున్నా, మళ్ళీ ఎవరూ నన్ను దెప్పక్కర్లేదు.

ఆరేళ్ళ కిందట కువైట్‌లో ఇంటిపనికి వీసా వచ్చినప్పుడు, కొన్ని ఇళ్ళల్లో ఫోన్ లాగేసుకుంటారని ఏజెంటు చెప్పాడు. మా నవ్యకి అప్పుడు మూడేళ్ళు. అమ్మ కనబడకపోతే పిల్ల బెంగెట్టుకుంటుందని నాకో మహా ఆలోచన తట్టింది. బందరులో మా డాబా మీద కూర్చుని, చీరలు మార్చుకుంటూ, మూడు రోజుల్లో అరవై వీడియోలు తీశాను. "బువ్వ తిన్నావా నాన్నా?" అని అడగడం, అది జవాబు చెప్పేదాకా ఆగడం, "అబ్బో, అంతా తినేశావే!" అని నవ్వడం. రోజుకొకటి చూపించమని మా ఆయన అక్క విజయలక్ష్మి వదిన చేతికి ఫోనిచ్చి విమానం ఎక్కాను. వదిన పెడన అద్దకం షెడ్డులో పని చూసుకుని వచ్చి, సాయంత్రం ఆరింటికి ఫోను గూట్లో నిలబెట్టి వీడియో పెట్టేది. అరవై అయిపోతే మళ్ళీ మొదట్నుంచి.

తీరా చూస్తే మా మేడమ్ ఫోనేం లాక్కోలేదు. శుక్రవారం శుక్రవారం నేను నిజంగానే వీడియో కాల్ చేసేదాన్ని. తలకి గుడ్డ, కళ్ళకింద నలుపు, వెనక కుక్కరు కూతలు. నవ్య ఒక్క చూపు చూసి పారిపోయేది. "అమ్మ ఆరింటికి వస్తుందిగా, ఈవిడెవరత్తా?" అనేదట. వదిన అది చెప్పి నవ్వేది. నేనూ నవ్వాను, బుద్ధిలేనిదాన్ని.

ఈ వేసవిలో వచ్చాను. మేడమ్ నెల సెలవిచ్చింది, ఆలోపు రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానంది. పెట్టుకో తల్లీ, నాకు నా పిల్ల కావాలి, అనుకున్నాను. ఆరేళ్ళు వాళ్ళ ఆడపిల్లలిద్దరికీ జడలేశాను, బడికి డబ్బాలు కట్టాను. నేను బయల్దేరుతుంటే వాళ్ళు నా నడుం పట్టుకుని వదల్లేదు. ఇక్కడ నా కడుపున పుట్టింది గుమ్మంలో నిలబడి నమస్కారం పెట్టింది. ఇది ఒక్కసారి నన్ను "అమ్మా" అంటే చాలు, పాస్‌పోర్టు పెట్టె అడుక్కి తోసేద్దును. కృత్తివెన్ను రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండే మా ఆయన కూడా ఉన్నదాంట్లో సర్దుకుందాంలే అన్నాడు.

అది అంటేగా! తొమ్మిదేళ్ళ పిల్ల నన్ను "మీరు" అంటుంది. బొమ్మ ఇస్తే "థాంక్సండీ" అంటుంది. జడ వేస్తాను రావే అంటే, "వద్దండీ, అమ్మ చూస్తే ఏమనుకుంటుంది?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి నేనెవర్తినే?" అని అరిచాను. బిక్కమొహం వేసుకుని వదిన వెనక దాక్కుంది. ఆ తర్వాత నేను పెరట్లోకెళ్ళి ఏడ్చాను.

ఆ సాయంత్రం ఆరింటికి వదిన ఫోను గూట్లో పెట్టింది. నీలం చీర కట్టుకున్న నేను తెరమీదికొచ్చాను. ఇరవై ఆరేళ్ళ నేను, బుగ్గలు నిండుగా. నవ్య మొహం చాటంత అయింది.

"బువ్వ తిన్నావా నాన్నా?"

"తిన్నానమ్మా."

"లెక్కల పరీక్ష బాగా రాశావా?"

ఈ వీడియో తీసేనాటికి అది బడి మొహమే చూడలేదు. నేను లెక్కల పరీక్ష ఊసెందుకెత్తుతాను?

వదిన్ని వంటింట్లోకి లాక్కెళ్ళి అడిగాను. "నాకేం తెలుసు పూర్ణా? రోజూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. మాట్లాడింది నువ్వేగా," అంది బియ్యం ఏరుకుంటూ.

మర్నాడు నవ్య వెనకాలే నిలబడ్డాను. అది కబుర్లు చెబుతూనే ఉంది, తెరమీది నేను వింటూనే ఉంది. ఉన్నట్టుండి నవ్వు ఆపేసింది. నవ్య భుజం మీదుగా సూటిగా నన్నే చూసింది.

"ఆవిడ ఇంకా వెళ్ళలేదా?" అంది.

నాకు పూనకం వచ్చినట్టే అయింది. ఫోను లాక్కుని అరవై వీడియోలూ డిలీట్ చేసేశాను, ఒక్కటి మిగల్చకుండా. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంది, నన్ను కొడుతుంది, అన్నీ పడదాం అనుకున్నాను. అది ఏడవలేదు. నావంక జాలిగా చూసి, "ఫోనేం చేసిందండీ పాపం?" అంది.

మూడో రోజు దానికిష్టమని కోడిపులుసు, గారెలు చేశాను. ఫోను స్విచ్చాఫ్ చేసి నా బొడ్లోనే దోపుకున్నాను. ఆరయింది. నవ్య చేతులు కడుక్కుని గదిలోకెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

లోపల నా గొంతు వినబడింది. "ఏం తిన్నావు నాన్నా ఇవాళ?"

తలుపు తోసుకుని వెళ్ళాను. గూడు ఖాళీ. నవ్య దాని ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఇంకెవరూ లేరు.

నేను నవ్య ముందు కూలబడిపోయాను. "నేనే అమ్మనే. ఇంకెక్కడికీ వెళ్ళను. ఒట్టు. ఒక్కసారి పిలవ్వే నా తల్లీ," అన్నాను. తొమ్మిదేళ్ళదాని కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ.

నవ్య లేచి, మొదటిసారి తనంతట తనే నా చెయ్యి పట్టుకుంది. వెచ్చటి చిన్న చెయ్యి. నాకు ప్రాణం లేచొచ్చింది. అలాగే మెల్లగా నన్ను గుమ్మం దాకా నడిపించింది.

"అమ్మకి మీరంటే భయమంటండీ," అంది గుసగుసగా. "కొంచెం బయట ఉంటారా?"

తలుపు మూసుకుంది.

"గడియ కూడా పెట్టెయ్ నాన్నా," అంది లోపల్నుంచి నా గొంతు.